జిమ్నోకాలిషియం: చిన్న కుండీలో పూసే కాక్టస్ పెంపకం

(మిద్దెతోటల పెంపకందారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

కాక్టస్ కుటుంబంలో పదిహేను వందలకు పైగా జాతులున్నాయి. కొన్ని ఎడారిలో బండల మధ్య పెరుగుతాయి, కొన్ని అడవిలో చెట్ల కొమ్మల మీద పెరుగుతాయి. వీటన్నిటికీ కలిపి ‘ఎండలో పెట్టండి, నీళ్లు తక్కువ పోయండి’ అని ఒకే సలహా ఇవ్వడం వల్లే చాలా ఇళ్లలో ఇవి బతకడం లేదు. బతికినా పూయడం లేదు. అందుకే ఇవాళ ఒక్క ప్రజాతి గురించే మాట్లాడతాను. దాని పేరు జిమ్నోకాలిషియం. నర్సరీల్లో ‘జిమ్నో’ అంటే చాలు, ఇస్తారు.

దీన్నే ఎంచుకోవడానికి కారణాలున్నాయి. నాలుగైదు సెంటీమీటర్ల అడ్డుకొలత వచ్చేసరికే పూస్తుంది. నాలుగు అంగుళాల కుండీలో ఏళ్ల తరబడి హాయిగా ఉంటుంది. ఒక్కో పువ్వు మధ్యాహ్నం విచ్చుకుని సాయంత్రం ముడుచుకుంటూ నాలుగు రోజుల నుంచి వారం దాకా నిలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, దీనికి రోజంతా ఎండ అక్కర్లేదు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు తగిలితే సరిపోతుంది.

దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. అర్జెంటీనా, పరాగ్వే, బొలీవియా, ఉరుగ్వే, దక్షిణ బ్రెజిల్. మెక్సికోలో ఒక్కటి కూడా లేదు. పరాగ్వే, బొలీవియా, ఉత్తర అర్జెంటీనాల్లో చాకో అనే పెద్ద మైదానం ఉంది. ముళ్లపొదలు, పొట్టి చెట్లు, మధ్యమధ్యలో గడ్డి. వేసవిలో అక్కడ 40 డిగ్రీలు దాటుతుంది. వానలు కూడా ఆ వేసవిలోనే పడతాయి. చలికాలంలో నేల ఎండిపోతుంది, రాత్రుళ్లు చల్లబడతాయి. మిహనోవిచ్చీ అనే జాతి అక్కడిదే. చెక్ దేశపు అన్వేషకుడు ఆల్బెర్టో ఫ్రిచ్ దాన్ని పరాగ్వేలో సేకరించాడు, 1905లో దానికి శాస్త్రీయ వర్ణన వెలువడింది. ఫ్రిచ్ యాత్రకు సాయం చేసిన ఓడల వ్యాపారి మిహనోవిచ్ పేరే దానికి పెట్టారు. అక్కడ ఈ మొక్క పొదల నీడలో, రాలిన ఆకుల మధ్య, సగం మట్టిలోకి దిగబడి ఉంటుంది.

ఇంతవరకు విన్నారు కదా, దీన్ని బట్టే మీ కుండీకి ఏం కావాలో చెప్పేయొచ్చు. పొద కింద పెరిగేది కాబట్టి మిట్టమధ్యాహ్నపు ఎండ పడదు. వెచ్చని రోజుల్లో వానలు తాగేది కాబట్టి పెరిగే కాలంలో నీళ్లు బాగానే కావాలి. చలికాలంలో ఎండిన నేలలో ఉండేది కాబట్టి మన దగ్గరా డిసెంబరు, జనవరి నెలల్లో దాన్ని పొడిగా, చల్లగా వదిలేయాలి. పూలు రావడానికి ఈ మూడోదే కీలకం. ఎక్కువమంది పట్టించుకోనిది కూడా ఇదే.

ఏ రకం కొనాలి? కోస్తా జిల్లాల వాళ్లు మిహనోవిచ్చీ, దామ్సీ ఈ రెండింటితో మొదలుపెట్టండి. రెండూ వేడి మైదానాలవి, ఉక్కను ఓర్చుకుంటాయి. దామ్సీ నీడలో కూడా తెల్లగా, లేత గులాబీ రంగులో పూస్తుంది. హైదరాబాద్, అనంతపురం, మదనపల్లె లాంటి చోట్ల, అంటే రాత్రుళ్లు కాస్త చల్లబడే చోట, బాల్డియానమ్ కూడా పెట్టుకోవచ్చు. ముదురు గులాబీ రంగు పూలు, చూడటానికి చాలా బాగుంటుంది. కానీ అది అర్జెంటీనాలో కటమార్కా కొండల మీది మొక్క. మన మే నెల దానికి కష్టకాలం. మొదటి మొక్కగా దాన్ని కొనొద్దనే చెబుతాను.

నర్సరీలో చూడాల్సినవి చెబుతాను. కాక్టస్ నెత్తి మీద ఎండుపువ్వు లాంటిది పసుపో ఎరుపో రంగులో కనిపిస్తే వేలితో తాకి చూడండి. కరకరమని గడ్డిలా ఉంటే అది జిగురుతో అంటించింది. జిమ్నో పువ్వు మెత్తగా ఉంటుంది, మొగ్గ మీద నున్నని పొలుసులుంటాయి, నూగు గానీ ముళ్లు గానీ ఉండవు. జిగురుపువ్వు సరిగ్గా మొక్క పెరిగే చోటే అంటించి ఉంటుంది కాబట్టి ఇంటికి తెచ్చాక మెల్లగా తిప్పుతూ ఊడదీయాలి. మచ్చ పడుతుంది, పడనివ్వండి. మట్టి పైన గులకరాళ్లను జిగురుతో గట్టిపరిచిన కుండీలూ అమ్ముతున్నారు. ఆ పెచ్చు తీసేయకపోతే నీళ్లు ఎటు పోతున్నాయో, కింద ఎంత తడి ఉందో తెలియదు. మొక్క మొదలు దగ్గర వేలితో నొక్కండి, గట్టిగా ఉండాలి. పాత మొక్కల మొదట్లో బెరడులా గోధుమరంగు వస్తుంది, అది వయసు, జబ్బు కాదు. నొక్కితే మెత్తగా దిగితే మాత్రం కొనొద్దు.

ఇప్పుడు మట్టి గురించి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

నర్సరీ నుంచి వచ్చే మొక్కలు చాలావరకు ఉత్త కొబ్బరి పొట్టులో ఉంటాయి. వాళ్లకు అది తేలిక, రవాణాలో బరువుండదు. మన ఇంట్లో అదే పొట్టు పైన ఎండినట్టు కనిపిస్తూ లోపల వారం పది రోజులు తడిగా ఉంటుంది. ఒకసారి పూర్తిగా ఎండిపోయిందా, మళ్లీ నీళ్లు పోస్తే పీల్చుకోదు, అంచు వెంబడి జారి కిందికి పోతాయి. రెండు విధాలా వేళ్లకు చేటే. కాబట్టి ఇంటికి తెచ్చిన పదిహేను రోజుల్లోపు మట్టి మార్చాలి. వానలు ముసురుపట్టిన రోజుల్లోనూ, మే నెల మధ్యలోనూ మాత్రం మార్చొద్దు, ఆగండి.

మిశ్రమం కొలతతో చెబుతాను. ఏదో ఒక గిన్నె తీసుకోండి. మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల ప్యూమిస్ రాయి, అంటే రంధ్రాలున్న తేలికైన అగ్నిపర్వతపు రాయి, నాలుగు గిన్నెలు. అది దొరక్కపోతే బాగా కాలిన ఇటుకను పగలగొట్టి జల్లించిన ముక్కలు వాడొచ్చు. సరిగా కాలని ఇటుక రెండు మూడు నెలల్లో బురదైపోతుంది, అందుకే ముక్కల్ని ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి వేళ్లతో నలిపి చూసి వాడండి. ముతక ఇసుక మూడు గిన్నెలు. బాగా మాగిన ఆకు ఎరువు లేదా వర్మీకంపోస్టు రెండు గిన్నెలు. కొబ్బరి పొట్టు ఒక గిన్నె, అదీ రెండు మూడు నీళ్లతో కడిగి ఉప్పు పోగొట్టినది.

ఇసుక దగ్గరే ఎక్కువమంది దెబ్బ తింటున్నారు. ఇల్లు కట్టే చోట నుంచి తెచ్చిన ఇసుకను అలాగే పోస్తే అందులోని సన్నని పొడి గులకల మధ్య ఖాళీల్ని పూడ్చేస్తుంది. రోబో ఇసుకలో రాతిపొడి ఇంకా ఎక్కువ. ఏ ఇసుకైనా ముందు జల్లెడ పట్టి రెండు మిల్లీమీటర్ల కంటే సన్నది తీసేయండి. మిగిలినదాన్ని నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. సముద్రపు ఒడ్డు ఇసుక ఎంత ముతకగా ఉన్నా వద్దు, దాని ఉప్పు వేళ్లను కాల్చేస్తుంది. కలిపిన మిశ్రమం సరిగ్గా ఉందో లేదో ఇలా చూడొచ్చు: నాలుగు అంగుళాల కుండీ నింపి ఒక గ్లాసు నీళ్లు ఒక్కసారిగా పోయండి. నీళ్లు పైన నిలవకూడదు, పోసిన కొన్ని సెకన్లలోనే కింది రంధ్రాల్లోంచి ధారగా రావాలి. నిలిచాయంటే ఇంకా సన్నపొడి ఉన్నట్టే, మళ్లీ జల్లించండి.

కుండీ అడుగున రాళ్ల పొర వేస్తే నీరు బాగా దిగుతుందని చాలామంది నమ్మకం. జరిగేది వేరు. సన్నగింజల మట్టిలో నీళ్లు ఆ గింజల మధ్య పట్టుకుని ఉంటాయి, కింద పెద్ద రాళ్లు తగిలితే అంత తేలిగ్గా వాటిలోకి దిగవు. మట్టి పూర్తిగా తడిసి బరువెక్కాకే కింద చుక్క పడుతుంది. అంటే రాళ్ల పొర వేస్తే తడి నిలిచే భాగం పైకి జరిగి వేళ్లకు దగ్గరవుతుంది. రంధ్రం మీద ఒక నెట్ ముక్క పెట్టండి చాలు. పై నుంచి కింది దాకా ఒకే మిశ్రమం ఉండాలి.

కుండీ మొక్క కంటే చుట్టూ ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు వెడల్పుంటే చాలు. పెద్ద కుండీలో వేళ్లు చేరని మట్టి ఎక్కువుంటుంది, ఆ మట్టిని ఎండబెట్టేవాళ్లు లేరు, తడి అక్కడే నిలుస్తుంది. మట్టికుండీనా, ప్లాస్టిక్‌దా అన్నదానికి మీ ఊరిని బట్టే సమాధానం. రాయలసీమ లాంటి పొడిగాలి ప్రాంతంలో చిన్న మట్టికుండీ ఒక్క రోజులో ఎండిపోతుంది, సన్నవేళ్లు గోడకు అతుక్కుని మాడిపోతాయి. అక్కడ ప్లాస్టిక్ మేలు. కాకినాడ, విశాఖ లాంటి తేమ ఊళ్లలో మట్టికుండీ మేలు. నల్లరంగు ప్లాస్టిక్ కుండీ పక్క మీద ఎండ పడితే లోపలి వేళ్లు ఉడికిపోతాయి. తెల్లది వాడండి, లేదా కుండీలన్నీ ఒక ట్రేలో దగ్గరదగ్గరగా పెట్టి ఎండవైపు ఒక పలక అడ్డం పెట్టండి.

మట్టి మార్చే రోజుకు వారం ముందు నీళ్లు ఆపేయాలి. పొడిగా ఉన్నప్పుడు మొక్కను తీస్తే మట్టి తేలిగ్గా రాలుతుంది, తెగిన వేళ్లు కుళ్లవు. పాత పొట్టును వేళ్ల మధ్య నుంచి టూత్‌పిక్‌తో విడదీయండి. మధ్యలో చిన్న బట్టలాంటి గుండ్రని జాలీ ఉండొచ్చు, నారు పోసినప్పటిది. అది కత్తిరించి తీసేయాలి, లేకపోతే వేళ్ల మొదలు అందులోనే బిగిసి ఉంటుంది. మంచి వేరు లేత గోధుమరంగులో గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరు పై తొడుగు లాగితే జారిపోతుంది, లోపల దారంలాంటిది మిగులుతుంది. అలాంటివి కత్తిరించండి. తర్వాత నీడలో, గాలి తగిలే చోట మూడు నుంచి ఐదు రోజులు ఆరనివ్వండి. పొడి మిశ్రమంలోనే నాటండి. నాటగానే నీళ్లు పోయొద్దు. వారం ఆగి, తర్వాత మొదటిసారి తడపండి. ఈ వారం ఆగడానికి చాలామందికి చేయి ఊరుకోదు, కానీ తెగిన వేళ్ల గాయాలు మానకముందే తడి తగిలితే కుళ్లు అక్కడి నుంచే మొదలవుతుంది. తిరిగి మట్టి మార్చడం రెండు మూడేళ్లకు ఒకసారి చేస్తే చాలు, ఫిబ్రవరిలో చేయండి.

నీళ్ల విషయానికి వద్దాం. వారానికి ఇన్నిసార్లు అని చెప్పమంటారు. ఊరు, కుండీ, గాలి మారితే ఆ లెక్క మారిపోతుంది. మీకు కావాల్సింది ‘నా కుండీ ఎన్ని రోజుల్లో ఆరుతోంది’ అనే లెక్క. వంటింటి త్రాసు ఉంటే మట్టి పూర్తిగా పొడిగా ఉన్నప్పుడు ఒకసారి, బాగా తడిపి నీళ్లు కారిపోయాక ఒకసారి తూచి రాసిపెట్టుకోండి. పొడిబరువు దగ్గరికి వచ్చాకే మళ్లీ పోయాలి. కొన్నాళ్లకు చేతిలో ఎత్తితేనే తెలిసిపోతుంది. త్రాసు లేకపోతే పొడి వెదురుపుల్లను అడుగుదాకా గుచ్చి పది నిమిషాల తర్వాత తీసి చూడండి. తడిమరక ఉంటే ఆగండి. పోసినప్పుడు మాత్రం చెంచాలతో, స్ప్రేలతో కాకుండా కింది నుంచి కారేదాకా నిండుగా పోయాలి. పైపైన చిలకరిస్తే కింది వేళ్లు ఎండిపోతాయి, పై పొరలో ఉప్పు పేరుకుంటుంది.

తెలుగు నేల మీద ఏడాది ఇలా సాగుతుంది. ఫిబ్రవరి రెండో వారం నుంచి నీళ్లు మొదలుపెట్టండి, మొదటిసారి సగమే. మొగ్గలు కొత్త ముళ్లగుత్తుల దగ్గర, నడినెత్తికి కాస్త పక్కగా కనిపిస్తాయి. మొగ్గ వచ్చాక కుండీని తిప్పొద్దు, చోటు మార్చొద్దు, పూర్తిగా ఎండబెట్టొద్దు. ఈ మూడింట్లో ఏది చేసినా మొగ్గ పెరగడం ఆగి పిసరంత అయి ఎండిపోతుంది. మార్చి నెలంతా నాలుగు అంగుళాల కుండీకి సుమారు ఐదారు రోజులకోసారి నీళ్లు పడతాయి.

ఏప్రిల్ మధ్య నుంచి 50 శాతం షేడ్ నెట్ తప్పనిసరి. మే నెలలో జరిగేది అర్థం చేసుకోవాలి. కాక్టస్ పగలు తన చర్మం మీది సన్నని రంధ్రాలు మూసుకుంటుంది, రాత్రి చల్లబడ్డాక తెరిచి బొగ్గుపులుసు వాయువు పీల్చుకుంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ రోజుల్లో మన రాత్రులు కూడా చల్లబడవు. మొక్క ఆ పని దాదాపు మానేసి ఊపిరి బిగబట్టుకుని ఉంటుంది. పెరగని మొక్క నీళ్లు తాగదు. తాగని నీళ్లు వేడి మట్టిలో నిలిస్తే వేళ్లు కుళ్లిపోతాయి. అందుకని మే నెలలో నీళ్లు ఎక్కువ పోయడం కాదు, మట్టి ఆరాక సాయంత్రం చీకటి పడ్డాక మామూలులో సగం పోయాలి. కొంచెం కుంచించుకుపోయినట్టు కనిపించినా కంగారు పడకండి. పగలు వేడెక్కిన మొక్క నెత్తిన నీళ్లు ఎట్టి పరిస్థితుల్లోనూ పోయొద్దు.

మృగశిర కార్తె దాటి వాతావరణం చల్లబడగానే మొక్క మళ్లీ కదులుతుంది. రెండో విడత పూలు ఎక్కువగా అప్పుడే వస్తాయి. జూన్ నుంచి అక్టోబరు దాకా మంచి ఎదుగుదల. అయితే ఆ నీళ్లు మీరు పోసినవే కావాలి, వాన పోసింది కాకూడదు. నాలుగు రోజులు ముసురు పడితే మట్టి ఆరే వీలుండదు. పైన పారదర్శకమైన పాలిథిన్ షీటు వేయండి, నాలుగు పక్కలా గాలి ఆడేలా వదలండి. మొదటి రోజు వాన ఒకసారి తగిలితే మంచిదే, మొక్క మీది దుమ్ము పోతుంది. నవంబరులో నీళ్లు తగ్గిస్తూ రండి. డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాద్ లాంటి చోట పదిహేను ఇరవై రోజులకోసారి, ఎండ బాగా ఉన్న ఉదయం, పావు గ్లాసు చాలు. ఎరువు అసలే వద్దు. కోస్తాలో రాత్రి చలి తక్కువ కాబట్టి పొడి మీదే ఆధారపడాలి. అక్కడ మూడు వారాలు నీళ్లు లేకుండా ఉంచినా నష్టం లేదు.

నీటి నాణ్యత చాలామంది పట్టించుకోరు. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. జిమ్నోకు కొంచెం పుల్లటి నేల ఇష్టం, పీహెచ్ 5.5 నుంచి 6.5 దాకా. బోరు నీళ్లు ఏడాది పోస్తే మట్టి మీద తెల్లపొర కడుతుంది, మొక్క పాలిపోయి ఎదుగు ఆగుతుంది. జబ్బు అనుకుని మందులు కొడుతుంటారు. వాననీళ్లు డ్రమ్ములో పట్టుకోండి, అంతకంటే మంచిది లేదు. లేదా పది లీటర్ల బోరు నీళ్లలో రెండు గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి పీహెచ్ కాగితంతో చూడండి. ఆరు దగ్గరికి రాకపోతే ఇంకో గ్రాము, మళ్లీ చూడండి. ఒక్కో బోరు ఒక్కోలా ఉంటుంది, చూడకుండా కలపొద్దు.

ఎరువు కొంచెమే. ఫిబ్రవరి చివర, జూన్ తర్వాత నెలకోసారి 19:19:19, అంటే నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు, లీటరుకు అర గ్రాము. ఫిబ్రవరి రెండో వారంలో నీళ్లు మొదలుపెట్టేటప్పుడు నత్రజని లేని 0:52:34 అంతే మోతాదులో ఒక్కసారి ఇవ్వొచ్చు. యూరియా, పచ్చి పేడ వద్దే వద్దు. నత్రజని ఎక్కువైతే మొక్క నీరుపట్టి ఉబ్బుతుంది, చర్మం చీలుతుంది, పూలు తగ్గుతాయి.

వెలుతురు సరిపోయిందో లేదో మొక్కే చెబుతుంది. నెత్తి మొనదేరి, లేత ఆకుపచ్చగా పొడుగు సాగితే వెలుతురు చాలడం లేదు. అలా సాగిన మొక్క మళ్లీ గుండ్రంగా కాదు. ఒళ్లంతా ఇటుకరంగుకు తిరిగితే ఎండ హద్దు దగ్గరికి వచ్చిందన్నమాట. పడమటి వైపు మాత్రం పసుపుపచ్చగా, తర్వాత తెల్లని గట్టి మచ్చ పడితే అది కాలిన గాయం, పోదు. నీడ నుంచి ఎండకు ఒక్కసారిగా మార్చినప్పుడే ఇది ఎక్కువ. పది పదిహేను రోజుల్లో కొద్దికొద్దిగా జరపాలి.

పురుగుల్లో మొదటిది పిండినల్లి. పైన కనిపిస్తే సన్న బ్రష్‌ను మందులషాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో ముంచి ఒక్కోదానికీ అంటించండి. సాయంత్రం చేసి మరుసటి రోజు నీడలో ఉంచండి. వారం తర్వాత మళ్లీ చేయాలి, గుడ్లు మిగులుతాయి. కుండీ చుట్టూ చీమలు తిరుగుతుంటే అనుమానించండి. పిండినల్లి కార్చే తీపి కోసం చీమలు దాన్ని కాపాడతాయి. అసలు ప్రమాదం వేళ్ల దగ్గరుండేది. పైకి ఏమీ కనబడదు, మొక్క నీళ్లు తాగడం మానేస్తుంది. తీసి చూస్తే వేళ్ల మీద తెల్లని దూదిలా ఉంటుంది. మట్టంతా పారేసి, వేళ్లు కడిగి, ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్.ఎల్. అనే పురుగుమందు లీటరు నీళ్లకు అర మిల్లీలీటరు కలిపి పదిహేను నిమిషాలు ముంచి ఆరబెట్టి, కొత్త మట్టిలో నాటండి. చేతులకు తొడుగులు వేసుకోండి.

ఎర్రనల్లికి ఆ మందు పనిచేయదు. నెత్తి నుంచి కిందికి తుప్పురంగు పొక్కులా వ్యాపిస్తే అది ఎర్రనల్లి. పొడి వేసవిలో వస్తుంది. నీళ్లలో కరిగే గంధకం 80 శాతం పొడి లీటరుకు రెండు గ్రాములు, సాయంత్రం పూట కొట్టాలి. ఉష్ణోగ్రత 32 దాటే రోజుల్లో గంధకం కొడితే మొక్క కాలుతుంది. వేపనూనె గురించి అడుగుతుంటారు. మిగతా మొక్కలకు మంచిదే, కాక్టస్ మీద నూనె పొర ఎండకు మాడుతుంది. నా మాట వింటే వద్దు.

మొదట్లో మెత్తబడితే ఆలస్యం చేయొద్దు. స్పిరిట్‌తో తుడిచిన పదునైన బ్లేడుతో కుళ్లు పైభాగం దగ్గర అడ్డంగా కోయండి. కోసిన చోట మధ్యలో ఉండే వలయంలో చిన్న గోధుమరంగు చుక్క ఉన్నా ఇంకొంచెం పైకి కోయాలి, ప్రతిసారీ బ్లేడు తుడవాలి. శుభ్రమైన మాంసం వచ్చాక గంధకం పొడి అద్ది, నీడలో పది పదిహేను రోజులు ఆరబెట్టి, పొడి ఇసుక మీద ఊరికే ఆనించి ఉంచండి. నెల నెలన్నరలో వేళ్లు రావచ్చు. అప్పుడు తడపండి.

(సభలోంచి ప్రశ్న: ఎర్రగా, పసుపుగా బంతిలా ఉండే మూన్ కాక్టస్ కూడా జిమ్నోనేనా?)

అవునండి. 1941లో జపాన్‌లో ఎయిజీ వతనబే అనే పెంపకందారు వేసిన మిహనోవిచ్చీ నారులో పత్రహరితం లేని ఎర్ర మొలకలు రెండు కనిపించాయి. అవి సొంతంగా ఆహారం చేసుకోలేవు కాబట్టి వేరే కాక్టస్ మీద అంటుకట్టి బతికించారు. ఇవాళ మనకు దొరికే మూన్ కాక్టస్‌లు ఆ దారిలో వచ్చినవే. కింద ఉండే మూడు పలకల ఆకుపచ్చ కాండం డ్రాగన్ ఫ్రూట్ జాతిది. దానికి నీళ్లు, వెలుతురు మిగతా జిమ్నో కంటే ఎక్కువ కావాలి, చలి అంతగా పడదు. మామూలుగా రెండు మూడేళ్లలో కింది కాండం అలసిపోతుంది. అప్పుడు పైదాన్ని తీసి మట్టిలో నాటితే బతకదు, మళ్లీ అంటుకట్టాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ డ్రాగన్ ఫ్రూట్ తోటలున్నాయి కాబట్టి కొమ్మ తెచ్చుకోవడం కష్టం కాదు. వేళ్లు పట్టిన కొమ్మను అడ్డంగా కోసి, అంచుల్ని ఏటవాలుగా చెక్కండి, ఆరాక చర్మం ముడుచుకుని బంతిని పైకి తోయకుండా. బంతి అడుగు కూడా కోసి, రెండు కోతల్లోనూ నడిమధ్య కనిపించే గుండ్రని వలయాలు ఒక్కచోటైనా ఒకదాన్నొకటి తాకేలా ఆనించి, గాలిబుడగ లేకుండా నొక్కి, రబ్బరు బ్యాండ్లతో కుండీతో సహా బిగించండి. ఇదంతా ఒకటి రెండు నిమిషాల్లో జరగాలి. పది రోజులు నీడలో, కోసిన చోట నీళ్లు పడకుండా ఉంచి, తర్వాత బ్యాండ్లు తీయండి.

(ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది. వచ్చేటప్పుడు రెండు మొక్కలు పెట్టెలో తెమ్మంటే తేవచ్చా?)

వద్దమ్మా. అంతరించే ప్రమాదమున్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఉంది. కాక్టస్ కుటుంబం దాదాపు మొత్తం దాని రెండో జాబితాలో ఉంది, కొన్ని జాతులు మొదటి జాబితాలోనే ఉన్నాయి. దేశం దాటించడానికి అనుమతి పత్రాలు కావాలి. అది కాక మన మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు, 2003 నాటిది, దిగుమతి పర్మిట్టు, ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతుంది. ఇక్కడే నారు పోసి పెంచిన మొక్కలు దొరుకుతున్నాయి, అవే కొనండి. అమ్మాయి అక్కడ పెంచుకోవాలంటే మాత్రం సుఖం. నవంబరు నుంచి మార్చి దాకా హీటరు లేని గదిలో, వెలుతురు పడే కిటికీ దగ్గర, పది డిగ్రీల చుట్టుపక్కల, నీళ్లు లేకుండా ఉంచమనండి. మనకు దొరకని చలి అక్కడ ఉచితంగా దొరుకుతుంది, పూలు బాగా వస్తాయి.

(ప్రశ్న: గింజలతో పెంచొచ్చా?)

పెంచొచ్చు. కాకపోతే ఎక్కువ జిమ్నోలు తమ పుప్పొడితో తాము కాయ కట్టవు. ఒకే మొక్క పిలకలు రెండున్నా లాభం లేదు, వేర్వేరు గింజల నుంచి వచ్చిన రెండు మొక్కలు ఒకేసారి పూయాలి. మధ్యాహ్నం పువ్వు బాగా విచ్చుకున్నప్పుడు సన్న బ్రష్‌తో పుప్పొడి అటూ ఇటూ అద్దండి. కాయ పండి చీలేలోపే కోయాలి, లేకపోతే గింజల్ని చీమలు మోసుకుపోతాయి. గింజ గుజ్జు కడిగి ఆరబెట్టి, అదే ఏడాది వేయండి.

ఫిబ్రవరి చివర గానీ సెప్టెంబరులో గానీ వేయొచ్చు, 25 నుంచి 30 డిగ్రీలు ఉండాలి. పారదర్శకమైన మూత ఉన్న పార్శిల్ డబ్బాకు అడుగున నాలుగైదు రంధ్రాలు చేసి, ఇదే మిశ్రమాన్ని ఇంకాస్త సన్నగా జల్లించి, కుక్కర్లో ఆవిరి పట్టి చల్లార్చి నింపండి. కింది నుంచి నీళ్లు పీల్చుకోనిచ్చి, గింజల్ని పైన చల్లి వదిలేయండి, మట్టి కప్పొద్దు, వాటికి వెలుతురు కావాలి. మూత పెట్టి, నేరుగా ఎండ తగలని వెలుతురులో ఉంచితే ఐదు నుంచి పదిహేను రోజుల్లో ఆవగింజంత ఆకుపచ్చ బొడిపెలు లేస్తాయి. రెండు నెలలు మూత తీయకండి. మూడో నెలలో రోజుకు కొంచెంసేపు తెరుస్తూ పది పదిహేను రోజుల్లో పూర్తిగా తీయాలి. ఒక్క రోజులో తీసేస్తే వాడిపోతాయి. మధ్యలో ఎక్కడైనా తెల్లని బూజు కనిపిస్తే ఆ చోట మట్టిని చెంచాతో చుట్టూ ఒక సెంటీమీటరు ఎక్కువ వేసుకుని తీసేయండి. ఏడాది దాకా నారును విడదీయొద్దు, గుంపుగా ఉంటేనే బాగా పెరుగుతాయి. బాల్డియానమ్ అయితే మూడో ఏట మొదటి మొగ్గ చూడొచ్చు.